పెంపుడు చిలుకల మేత: ఆరోగ్యం, ప్రవర్తన

పంజరంలో చిలుక నలతగా ఉందని తీసుకువెళితే పక్షుల వైద్యుడు మొదట అడిగేది అది రోజూ ఏం తింటోందని. ఈకలు పీక్కుంటోందని చెప్పినా, దగ్గరికెళితే పొడుస్తోందని చెప్పినా, పొద్దస్తమానం అరుస్తోందని చెప్పినా అదే అడుగుతాడు. మేత చిలుకమీద రెండు దారుల్లో పనిచేస్తుంది. అందులో ఉన్న పోషకాలు, లేని పోషకాలు ఒక దారి. దాన్ని సంపాదించుకుని, ఒలుచుకుని తినడానికి పక్షికి పట్టే సమయం, శ్రమ రెండో దారి. మొదటిది చెడితే ఒళ్లు చెడుతుంది. రెండోది లేకపోతే చురుకైన పక్షికి రోజంతా చేయడానికి పనే ఉండదు. పెంచేవాళ్లు మొదటిదాన్ని కాస్తయినా పట్టించుకుంటారు, రెండోదాని ఊసు చాలామందికి తట్టదు.

చిలుకల్లో సుమారు 400 జాతులున్నాయి. అన్నిటికీ సరిపోయే మేత ఒకటంటూ లేదు. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే పిట్టల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్లు. అడవి బడ్జెరిగార్ 30 గ్రాముల చిన్న పక్షి, గడ్డిగింజలమీద బతుకుతుంది. దక్షిణ అమెరికా హయసింత్ మకా కిలోకు పైగా తూగుతుంది, సుత్తితో కొట్టినా సులువుగా పగలని తాటిజాతి కాయల్ని ముక్కుతో పగలగొట్టి లోపలి పప్పు తింటుంది. లోరీల నాలుక చివర కుచ్చులా ఉంటుంది, వాటి బతుకు పూలతేనెమీద, పుప్పొడిమీద. న్యూజిలాండ్‌లోని కాకపో ఎగరలేదు, ఆకు నమిలి రసం మింగి పిప్పి పారేస్తుంది. వీటన్నిటినీ ఒక్క గాటన కట్టి 'చిలకల మేత' అని సంచి మీద రాసి అమ్మడంలోనే తంటా మొదలవుతుంది.

అడవిలో తిండి

మనకు బాగా తెలిసిన రామచిలుకనే చూద్దాం. జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చేలమీద గుంపుగా వాలి కంకుల్ని ఖాళీ చేస్తుందని రైతులు వడిసెల పట్టుకుని తోలతారు. అదే పక్షి జామ, మామిడి, రేగు చెట్లమీదా వాలుతుంది. మోదుగలు పూసే రోజుల్లో పువ్వు తుంచి మొదట్లో ఉన్న తేనె పీల్చుకుంటుంది. మొగ్గలు, లేత చిగుళ్లు కొరుకుతుంది. పండు మొత్తం తినడం అరుదు. కాస్త కొరికి, లోపలి గింజలు చూసుకుని, మిగతాది కిందపడేసి పక్క కొమ్మకు పోతుంది. చిలక్కొట్టిన జామపండు ఏరుకునే పిల్లలకు అది పండగే గానీ తోటవాడికి కాదు. తోటలో దుబారాలా కనిపించే ఈ అలవాటు వల్లే పక్షికి పదిరకాల తిండి అందుతోంది, రోజులో సగం పొద్దు గడిచిపోతోంది.

ప్యూర్టోరికో అడవుల్లోని అమెజాన్ చిలుకలు మేత వెతుక్కోవడానికి, తినడానికి రోజుకు 4 నుంచి 6 గంటలు పెడతాయని పరిశీలకులు లెక్కగట్టారు. పంజరంలో గిన్నెనిండా సిద్ధంగా మేత పెడితే అమెజాన్ చిలుకలకు ఆ పని గంటకు అటూఇటూగా ముగిసిపోతుంది. మిగిలిన గంటలు ఏమవుతాయన్నది ఈ వ్యాసంలో ముందు ముందు చాలాసార్లు ఎదురయ్యే ప్రశ్న.

అడవి పక్షికి తన లోటు తెలుసని చెప్పే ఉదాహరణ పెరూలోని టంబోపాటా ప్రాంతంలో ఉంది. అక్కడ నది ఒడ్డు మట్టిగోడలమీద మకాలు, చిలుకలు వందల సంఖ్యలో వాలి మట్టి తింటాయి. ఏ పొరమీద వాలుతున్నాయో పరిశీలిస్తే ఉప్పుకు మూలమైన సోడియం ఎక్కువున్న పొరనే అవి ఎంచుకుంటున్నాయని తేలింది. సముద్రానికి దూరంగా ఉన్న ఆ అడవుల్లో చెట్ల ఆకుల్లో, కాయల్లో సోడియం తక్కువ. పంజరంలో ఉన్న పక్షికి ఇలా ఎంచుకునే వీలు లేదు. పెట్టింది తినాలి, లేదా మానాలి.

గింజల గిన్నె

పెంపుడు చిలుకల జబ్బుల్లో సగం కథ ఎండుగింజల దగ్గర మొదలవుతుంది. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం బరువు కొవ్వే. కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఏడెనిమిది రెట్లు ఎక్కువ. పక్షికి కావలసింది దీనికి తలకిందులు: కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగానైనా, దానికి రెట్టింపుగానైనా ఉండాలి. ఇక విటమిన్ ఎ ఎండుగింజల్లో లేనట్టే. కొర్రలు, సజ్జల్లో కొవ్వు తక్కువే గానీ విటమిన్ ఎ, కాల్షియం, అయోడిన్ లోట్లు మాత్రం వాటికీ ఉన్నాయి. షాపుల్లో 'మిల్లెట్ స్ప్రే' అని ఎక్కువ ధరకు అమ్మేది నిజానికి కొర్ర కంకే.

అడవి బడ్జెరిగార్ కూడా గింజలే తింటుంది కదా, అది బాగానే ఉంది కదా అని వాదించేవాళ్లుంటారు. అది ఎండుగింజలతోపాటు మొక్కమీదే ఉన్న పచ్చి, పాలుపోసుకుంటున్న గింజ కూడా తింటుంది. నీటికోసం, మేతకోసం మైళ్లకు మైళ్లు ఎగురుతుంది. మూరెడు పంజరంలో కూర్చున్న పిట్టకు ఎండుగింజల కొవ్వు కరిగే దారేది?

విటమిన్ ఎ లోపం మొదట నోట్లో, ముక్కులో కనిపిస్తుంది. ఆ భాగాల్ని తడిగా ఉంచే మెత్తని పొర గట్టిపడి పొరలుపొరలుగా మారుతుంది. జిగురు గ్రంథులు మూసుకుపోతాయి. వైద్యుడు పక్షి నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి నడుమ ఉన్న చీలికను చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్న పక్షిలో ఆ చీలిక అంచున సన్నని ముళ్లవంటి బొడిపెలు నిక్కపొడుచుకుని ఉంటాయి. లోపం ముదిరితే అవి అరిగి మొండిగా అయిపోతాయి, నాలుక కింద తెల్లని గడ్డలు లేస్తాయి. ముక్కు కారడం, కంటి కింద వాపు, తుమ్ములు వీటి వెంటే వస్తాయి. రక్షణ పొర దెబ్బతిన్నాక బ్యాక్టీరియా, ఆస్పర్జిల్లస్ బూజు సులువుగా లోపలికి దిగుతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం 'జలుబు చేసింది' అనుకుని మనుషుల మందు నీళ్లలో కలుపుతుంటారు.

కాల్షియం లోపానికి పెట్టింది పేరు ఆఫ్రికన్ గ్రే చిలుక. గింజలమీదే పెరిగిన గ్రే ఒకరోజు ఉన్నట్టుండి కొమ్మమీంచి పడిపోయి మూర్ఛతో కొట్టుకోవడం పక్షుల వైద్యులకు కొత్త కాదు. అంతకుముందు నెలల్లో అది తడబడటం, చిన్న చప్పుడుకే బెదరడం వంటివి కనిపించి ఉంటాయి గానీ ఇంట్లో వాటిని పిరికితనం కింద జమకడతారు. కాల్షియం ఒక్కటే పెడితే చాలదు, ఒంటికి పట్టడానికి విటమిన్ డి3 కావాలి. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలతో తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది కనుక, అద్దం వెనక పంజరం పెట్టి ఎండ తగులుతోందనుకోవడం ఒట్టి భ్రమ. బ్రిటన్‌లో జరిగిన పరిశోధనల్లో గ్రే చిలుకలకు ఆ కిరణాలిచ్చే దీపాలు పెడితే రక్తంలో కాల్షియం మెరుగుపడింది. గుడ్లు పెట్టే కాక్‌టీల్ జాతి చిలుకకు కాల్షియం చాలకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది, వేళకు వైద్యం అందకపోతే పక్షి చనిపోతుంది. దీనికి విరుగుడుగా పంజరంలో వేలాడదీసేదే సముద్రపు నురుగు అని మూలికల దుకాణాల్లో దొరికే కటిల్ చేప ఎముక.

అయోడిన్ తక్కువైన బడ్జెరిగార్ల మెడలో థైరాయిడ్ గ్రంథి ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా కీచుమని చిన్న చప్పుడు వస్తుంది, గొంతు మారుతుంది, తిన్నది కక్కుతుంది. కబుర్లు చెప్పే పిట్ట మూగబోతే అలిగిందనుకునే ఇళ్లు లేకపోలేదు.

కొవ్వు సంగతి అన్నిటికంటే నిశ్శబ్దంగా సాగుతుంది. అమెజాన్ చిలుకలు, బడ్జెరిగార్లు, గలా కాకటూలు తేలిగ్గా లావెక్కుతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ముక్కు ఏపుగా, వంకరగా పెరుగుతుంది, ముక్కుమీద, గోళ్లలో నల్లని రక్తపు మచ్చలు కనిపిస్తాయి, ఈకల రంగు మారుతుంది. చాలాసార్లు ఇవేవీ గమనించేలోపే ప్రాణం పోతుంది. రక్తనాళాల్లో కొవ్వు గట్టిపడే జబ్బు గ్రే, అమెజాన్, కాక్‌టీల్ జాతుల్లో ఎక్కువని, మకాలు, కాకటూల్లో తక్కువని పెద్ద ఎత్తున చేసిన శవపరీక్షల విశ్లేషణలో తేలింది. మేత ఒక్కటే దీనికి కారణం కాదు. వయసు, కదలిక లేని జీవితం కూడా కలుస్తాయి.

గిన్నెకు సంబంధించిన ఇంకో చిన్న విషయం చెప్పాలి. చిన్నదే అయినా పిట్టల ప్రాణాలు తీస్తోంది. చిలుక గింజను నాలుకతో తిప్పి పై ముక్కు లోపలి గాడిలో ఆనించి, కింది ముక్కు అంచుతో చీల్చి, పప్పు మింగి, పొట్టును అక్కడికక్కడే వదిలేస్తుంది. చిన్న గింజల పొట్టు సగం తెరుచుకుని, చూడటానికి గింజలాగే ఉంటుంది. సాయంత్రానికి గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఉన్నదంతా ఊక. 'నిన్న వేసింది అలాగే ఉంది, ఆకలి లేదేమో' అని మేత వేయకపోతే 30 గ్రాముల పిట్టకు రెండురోజుల ఉపవాసమే ఎక్కువ. గిన్నెమీద ఉఫ్‌మని ఊదితే తెలిసిపోతుంది. పొట్టు ఒలిచి తింటాయి కనుక చిలుకలకు కోళ్లకు వేసినట్టు ఇసుక, రాతిపొడి అక్కర్లేదు. ఎక్కువ తింటే అది కందనకాయలో అడ్డుపడుతుంది.

పెల్లెట్లు వచ్చాక

గింజల లోట్లన్నీ పూడ్చాలని వచ్చినవే పెల్లెట్లు. ధాన్యం, పప్పులు, విటమిన్లు, ఖనిజాలు కలిపి యంత్రంలో వండి బిళ్లలుగా వత్తిన మేత. పక్షికి తనకు నచ్చింది ఏరుకునే అవకాశం ఉండదు, ప్రతి బిళ్లలోనూ అన్నీ సమానం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 1980ల్లో కాక్‌టీల్‌లమీద జరిగిన పరిశోధనలు దీనికి పునాది వేశాయి. ఎదిగే కాక్‌టీల్ పిల్లకు మేతలో 20 శాతం ప్రోటీన్ కావాలని తేల్చింది అక్కడే. కోళ్ల పరిశ్రమ లెక్కల్నే చిలుకలకూ వాడేస్తున్న కాలం అది.

పెల్లెట్లు తిన్న పక్షుల్లో విటమిన్ లోపాలు బాగా తగ్గాయి, అందులో సందేహం లేదు. కానీ మొదట చెప్పిన రెండో దారిలో కథ అడ్డం తిరిగింది. గింజకైతే ఒలిచే పనైనా ఉంది. మెత్తగా నలిగిపోయే చిన్న బిళ్లకు అదీ లేదు. నిమిషాల్లో కడుపు నిండిపోతుంది, పొద్దు మాత్రం అక్కడే ఉంటుంది. డేవిస్ పరిశోధకులే 2010లో దీనికో సులువైన మార్గం చూపారు. మామూలు సైజుకు ఎన్నోరెట్లు పెద్దవైన పెల్లెట్లు ఆరెంజ్‌వింగ్డ్ అమెజాన్ చిలుకలకు ఇచ్చారు. కాలితో పట్టుకుని, తిప్పుకుంటూ, కొరుక్కుంటూ తినాల్సి రావడంతో అవి తిండిమీద గడిపే సమయం అడవి పక్షుల లెక్క దరిదాపులకు వచ్చింది.

తిండి నుంచి పుట్టే అలవాట్లు

ఈకలు పీక్కోవడం పెంపుడు చిలుకల్లో అందరినీ కలవరపెట్టే అలవాటు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి: చర్మం దురద, పరాన్నజీవులు, కాలేయపు జబ్బు, ఒంటరితనం, బెదురు. మేత ఇందులో రెండుచోట్ల తగులుతుంది. విటమిన్ ఎ లోపంతో చర్మం పొడిబారి దురద పుట్టడం ఒకటి. పని లేకపోవడం రెండోది. 2003లో డేవిస్ బృందమే వెలువరించిన ప్రయోగంలో కుర్ర అమెజాన్ చిలుకల్లో కొన్నిటికి మేతను దాచిపెట్టి వెతుక్కునేలా చేశారు, ఎక్కి ఆడటానికి వస్తువులు పెట్టారు. మిగతావాటిని మామూలు పంజరాల్లో ఉంచారు. మామూలు పంజరాల్లోని పక్షులు ఈకలు చెరుపుకోవడం మొదలుపెట్టాయి. వాటికీ ఆ ఏర్పాట్లు చేశాక ఈకలు మెరుగుపడ్డాయి. రెండు గుంపుల మేతలో పోషకాల తేడా లేదు, దాన్ని సంపాదించుకునే తీరులోనే ఉంది.

2021లో వచ్చిన ఇంకో అధ్యయనం ఈ మాటను జాతుల స్థాయికి తీసుకెళ్లింది. 50 జాతులకు చెందిన 1,378 పెంపుడు చిలుకల వివరాలు సేకరించి, వాటి అడవి జీవితంతో పోల్చి చూశారు. గట్టి కాయలు, గింజలవంటి, ఒలవడానికి ఎక్కువ శ్రమ కావలసిన తిండి తినే జాతుల్లో ఈకలు చెరుపుకోవడం ఎక్కువ. శరీరానికి తగ్గ లెక్కలో మెదడు పెద్దదిగా ఉన్న జాతుల్లో పంజరం ఊచలు కొరకడం, ఒకేచోట తిరగడంవంటి విపరీతపు అలవాట్లు ఎక్కువ. ఒక పక్షి ఈకలు పీక్కుంటే యజమానిని నిందించడం సులువు. కొన్ని జాతుల తత్వమే పంజరానికి ఒదగదని ఈ లెక్కలు చెబుతున్నాయి.

శ్రమపడి తినడం చిలుకకు శిక్ష కాదు. ఎదురుగా గిన్నెలో ఉచితంగా మేత ఉన్నా, మూత తీసి లేదా కాగితం చించి అదే మేత సంపాదించుకోవడానికి జంతువులు మొగ్గుచూపే లక్షణం 1960ల్లో ఎలుకల ప్రయోగాల్లో బయటపడింది. తర్వాత గ్రే చిలుకలు, న్యూజిలాండ్ కియా చిలుకల్లోనూ పరీక్షించారు. ఇంట్లో దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మొక్కజొన్న కండెను తొక్కతోనే ఇవ్వొచ్చు. పచ్చి శనగల కొమ్మను కాయలతో సహా కట్టొచ్చు. పాత కాగితంలో రెండు పప్పులు పొట్లం కట్టి వేలాడదీయొచ్చు. చింపిన కాగితం ఇల్లంతా పడుతుంది, అది భరించాలి.

పొడవడం, అరవడం, ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడంలో జత కట్టే కాలపు వేడి పాత్ర పెద్దది. పగలు ఎక్కువసేపు ఉండటం, గూడులాంటి చీకటి మూల దొరకడం, కొవ్వు నిండిన తిండి ఏడాది పొడవునా అందడం, ఇవన్నీ పక్షి ఒంటికి పిల్లల్ని కనే రుతువు వచ్చిందనే సంకేతాలు. అడవిలో ఆ రుతువు వస్తుంది, పోతుంది. ఇంట్లో జీడిపప్పు, పొద్దుతిరుగుడు ప్రతిరోజూ ఉంటే అది పోనే పోదు. మగ కాక్‌టీల్ అద్దంముందు తిన్నది కక్కి పెడుతుంది, ఆడది జత లేకుండానే గుడ్లమీద గుడ్లు పెట్టి కాల్షియమంతా పోగొట్టుకుంటుంది. వెచ్చని మెత్తని ముద్దలు నోటికి అందించడం కూడా దీన్ని రెచ్చగొడుతుంది, ఎందుకంటే జతపక్షులు ఒకదానికొకటి తినిపించుకునేది అలాగే.

తీపి తింటే చిలుకకు పిచ్చి ఉత్సాహం వస్తుందని చాలామంది నమ్ముతారు. దీనికి గట్టి ఆధారాలేమీ లేవు. అరిచినప్పుడల్లా బిస్కట్టు ముక్క పెట్టి నోరు మూయించడం మాత్రం నిజంగానే అరుపును పెంచుతుంది. అది చక్కెర మహిమ కాదు, అరిస్తే తిండి వస్తుందని పక్షి నేర్చుకోవడం.

చిలుక ఎంత త్వరగా నేర్చుకుంటుందో చిలకజోస్యం చెప్పేవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పక్షి బయటికొచ్చి, చీటీ తీసి, ఒక్క గింజ అందుకుని లోపలికి పోతుంది. కడుపు నిండిన పక్షికి ఆ గింజ విలువ ఉండదు కనుక ఆట సాగాలంటే దాని ఆకలిని అదుపులో పెట్టాలి. పరిశోధకురాలు ఐరీన్ పెప్పర్‌బర్గ్ తన గ్రే చిలుక అలెక్స్‌కు మాటలు నేర్పినప్పుడు ఇందుకు వేరే పద్ధతి పట్టారు. తాళంచెవిని చూపించి అడిగితే, సరిగ్గా పేరు చెప్పిన అలెక్స్‌కు దక్కేది గింజ కాదు, ఆ తాళంచెవే. అది వద్దనుకుంటే తనకు నచ్చింది అడుక్కునే హక్కు. తిండిని ఎర చేయకుండానే ఆ పక్షి రంగులు, ఆకారాలు, అంకెలు నేర్చుకుని 2007లో చనిపోయేదాకా ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

ఎక్కువైనా ముప్పే

లోపాల గురించి చదివినవాళ్లు వెంటనే విటమిన్ చుక్కల సీసా కొంటారు. పెల్లెట్లు తినే పక్షికి పైనుంచి చుక్కలు కలపడం ప్రమాదం. డేవిస్‌లో కర్క్ క్లాసింగ్ బృందం పెద్ద కాక్‌టీల్‌లకు కొన్నిటికి విటమిన్ ఎ అసలు లేని మేత, కొన్నిటికి అతిగా ఉన్న మేత పెట్టి పోల్చింది. 2003లో వెలువడిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది: పెద్ద పక్షులకు లోపంకంటే అతి ఎక్కువ హాని చేసింది. విటమిన్ ఎ మోతాదును బట్టి వాటి అరుపుల తీరు కూడా మారిందని ఆ బృందమే గమనించింది. మేతలో ఒక్క విటమిన్ మారితే గొంతే మారిందంటే, ప్రవర్తనను, ఆరోగ్యాన్ని రెండు వేర్వేరు ఖాతాల్లో రాసుకోవడం ఎంత తప్పో తెలుస్తుంది. అదే క్యారెట్, చిలగడదుంప, బొప్పాయి, తోటకూరల్లోని కెరోటిన్‌తో ఈ బెడద లేదు. శరీరం తనకు కావలసినంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది.

డి3 ఎక్కువైతే మకా పిల్లల మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది. లోరీలకు ఇనుము ఎక్కువున్న మేత పెడితే అది కాలేయంలో పోగుపడుతుంది. కాకపోల కథ ఇంకా విచిత్రం. అంతరించిపోతున్న ఆ పక్షులకు సంరక్షకులు అదనపు మేత పెట్టారు. బాగా తిని బరువెక్కిన తల్లులకు మగపిల్లలు ఎక్కువ పుట్టసాగాయి. ఆడపక్షులు అసలే తక్కువున్న జాతికి అది పెద్ద దెబ్బ. తల్లుల బరువునుబట్టి మేత సర్దాక ఆ తేడా పోయింది.

మన ఇళ్లలో

రామచిలుకతో సహా మనదేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా తొర్రలోంచి తీసిన పిల్లలు వేసవి సంతల్లో కనిపిస్తూనే ఉంటాయి. గూటినుంచి పడిన పిల్ల దొరికితే అటవీశాఖకు గానీ, పక్షుల్ని చేరదీసే సంస్థలకు గానీ అప్పగించాలి. ఆలోపు పాలు పోయడం, వేడివేడి అన్నం ముద్ద నోట్లో కుక్కడం చేయకూడదు. పక్షులకు పాలలోని లాక్టోజ్ అరగదు. మేత మరీ వేడిగా ఉంటే మెడ కింద మేత నిలవుండే సంచి లోపల కాలిపోతుంది. ఆ పుండు కొన్ని రోజులకు గానీ బయటపడదు.

చట్టప్రకారం పెంచుకునే బడ్జెరిగార్, కాక్‌టీల్, ఆఫ్రికన్ లవ్‌బర్డ్‌లకు మన వంటింట్లో దొరికే మంచి తిండి చాలానే ఉంది. మునగాకు, తోటకూర, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, పచ్చి బఠాణీ, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు చాలు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి కనుక అది రోజూ వద్దు. రాజ్మావంటి గింజలు పచ్చివి పెడితే విషం, బాగా ఉడకాలి. మొలకెత్తిన పెసలు మంచివే. మన ఎండల్లో మాత్రం రెండు మూడు గంటలు గిన్నెలో ఉంటే పులిసి జిగురు కడతాయి, అప్పుడు తీసేయాలి.

చిలుకకు మిరపకాయ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఏనాటిదో. దీని వెనక సైన్సు ఈమధ్యే తేలింది. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లోని ఒక గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లోని అదే గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదని ఆయన ప్రయోగశాలలోనే 2002లో చూపారు. అందుకే గుంటూరు మిరపైనా చిలుకకు కారం కాదు. ఎర్రగా పండిన మిరపకాయలో కెరోటిన్ దండిగా ఉంటుంది, గింజలు ఏరుకునే పనీ దొరుకుతుంది. చిలుక నాలుకమీద కారం రాస్తే మాటలొస్తాయనే నమ్మకానికి మాత్రం ఏ ఆధారం లేదు.

ప్రమాదం వచ్చేది మనం తింటూ ప్రేమగా అందించే వాటితో. జంతికల్లో, మిక్చర్‌లో ఉప్పు, టీలో ముంచిన బిస్కట్టులో కెఫీన్, చక్కెర. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. అవకాడోలోని పెర్సిన్ పక్షి గుండెమీద పనిచేసి గంటల్లో చంపగలదు. చాక్లెట్ సంగతికి న్యూజిలాండ్‌లో చాక్లెట్ తిని చనిపోయిన అడవి కియా చిలుక సాక్ష్యం, దానిమీద 2007లో ఒక పశువైద్య పత్రిక వ్యాసమే ప్రచురించింది. యాపిల్ పండు పెట్టొచ్చు, గింజలు తీసేయాలి.

వేరుశనగ గురించి విడిగా చెప్పుకోవాలి. తేమ తగిలిన పప్పుమీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే కాలేయ విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం ప్రపంచానికి తెలిసిందే పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ పిండి కలిపిన మేత తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వానాకాలంలో మూట విప్పి ఉంచిన పప్పులు, వాసన మారినవి, ముడతపడినవి చిలుకకు పెట్టకూడదు. మనిషి ఒక్క చేదు పప్పును ఉమ్మేస్తాడు. చిన్న పక్షి ఒంటికి ఆ మోతాదే ఎక్కువ.

మేత మార్చడం

ఏళ్లతరబడి గింజలు తిన్న పక్షి పెల్లెట్‌ను తిండిగానే గుర్తించదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని గింజలు ఒక్కసారిగా ఆపేస్తే అది పస్తులుండి చనిపోవచ్చు. ముఖ్యంగా కాలేయంలో కొవ్వున్న పక్షికి పస్తు ఇంకా ప్రమాదకరం. అందుకే ఈ పనికి ముందు కొనవలసింది కొత్త మేత కాదు, గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు. రోజూ ఉదయం మేతకు ముందు తూచి రాసుకోవాలి. బరువు పదోవంతు తగ్గితే మార్పు ఆపి పాత మేతకు వెళ్లి, వైద్యుడికి చూపించాలి. జబ్బును చివరిదాకా దాచిపెట్టడం పక్షుల నైజం. కంటికి హుషారుగా కనిపించే పక్షి త్రాసుమీద దొరికిపోతుంది.

రెట్ట కూడా చూడాలి. అందులో ముదురుపచ్చని మలం, తెల్లని మూత్రలవణం, తేటనీరు అని మూడు భాగాలుంటాయి. మలం సన్నబడి తగ్గిపోతే పక్షి తినడం లేదన్నమాట, తిన్నట్టు నటించి పెల్లెట్లు నలిపి పారేస్తోంది. తెల్లగా ఉండాల్సిన భాగం పచ్చగా మారితే కాలేయాన్ని అనుమానించాలి. బీట్‌రూట్ పెట్టిన మర్నాడు ఎర్రగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

పొద్దున్న ఆకలిగా ఉన్నప్పుడు కొత్త మేత, సాయంత్రం కొద్దిగా పాత గింజలు అన్నది ఎక్కువమంది వాడే పద్ధతి. పెల్లెట్లను కాస్త తడిపి కొర్రల్లో కలిపితే గింజకు అంటుకుని రుచి తెలుస్తుంది. ఆకుకూరను గిన్నెలో వేస్తే ముట్టని బడ్జెరిగార్లు అదే కట్టను నీళ్లతో తడిపి కొమ్మకు కట్టితే స్నానం చేసినట్టు దానిమీద దొర్లి, తర్వాత కొరకడం మొదలుపెడతాయి. పక్కన తినే పక్షి ఉంటే పని సగం తేలిక. లేకపోతే యజమానే ఎదురుగా కూర్చుని క్యారెట్ నమలాలి, అమెజాన్లు, గ్రేలు ఆ ఆశతో లొంగుతాయి. మార్పు పూర్తయ్యాక కూడా కొందరు వైద్యులు బడ్జెరిగార్, కాక్‌టీల్‌వంటి చిన్నవాటికి గింజలు పూర్తిగా మానిపించరు. మేతలో సగానికి పైగా పెల్లెట్లు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కూరగాయలు, ఆకులు ఉంచి, గింజల్ని వెతుక్కునే ఆటలకు, చెప్పిన మాట విన్నందుకు బహుమతికి కేటాయిస్తారు. కుర్ర బడ్జెరిగార్ రెండు మూడు వారాల్లో మారిపోతుంది. ఇరవయ్యేళ్లుగా పొద్దుతిరుగుడు తింటున్న అమెజాన్‌కు నెలలు పడుతుంది, అప్పటికీ అది గిన్నె అడుగున మిగిలిన ఆఖరి గింజకోసం పెల్లెట్లన్నీ బయటికి తోసేస్తుంది.